రెండు పట్టీలు ఎక్కువ

మార్చి 3

వెనక ఎడమవైపు కమాన్ విరిగింది. నిన్న కొండ దిగుతుంటే. జీపు నాకన్నా పదకొండేళ్ళు పెద్దది. దాని బరువు మోసే కమాన్, అంటే ఒకదానిమీద ఒకటి బిగించిన ఏడు ఇనుప పట్టీలూ, అంతే పాతవి. పెద్ద పట్టీ ఫట్‌మని తెగింది, బండి ఒరిగింది, స్టీరింగ్ నా చేతుల్లోంచి గుంజుకుంది. మళ్ళీ పట్టుకున్నాను. ఒక చక్రం అంచు దాటి గాల్లో ఉండగా ఆగాం. మా ఆయన కమ్మీకి గుద్దుకుని కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు.

బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, ట్రాక్టర్ తెచ్చి లాగించారు. తమ్ముణ్ణి చూశారు. చక్రాన్ని చాలాసేపు చూశారు. నన్ను ఒక్క మాట అడగలేదు.

కొండమీద పూత ఇంకో పది రోజుల్లో మొదలవుతుంది. ఈలోగా నా ఇరవై నాలుగు తేనెటీగల పెట్టెలు పైన ఉండాలి. కింద ఈగలకు మేత అయిపోయింది. ఆ దారిలో ఈ ముసలి జీపు తప్ప ఏదీ ఎక్కదు.

మార్చి 5

పొద్దంతా కమాన్ల వేట. ఈ మోడల్‌వి కంపెనీ ఎప్పుడో ఆపేసింది. పాత ఇనుము యార్డులో ఒక జత దొరికింది. రెండూ అక్కాచెల్లెళ్ళే గానీ ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. ఏమీ కాదు మేడమ్, బండి అదే సర్దుకుంటుంది అన్నాడు యార్డువాడు. బండి కూడా సర్దుకోవాలట!

తర్వాత అద్దాల గోడల స్పేర్ పార్ట్స్ షోరూమ్. రెండంగుళాలు ఎత్తు పెంచే కిట్ వేసుకోండి, లుక్ అదిరిపోతుంది అని అక్కడి కుర్రాడు కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. తేనెటీగలు లుక్ చూడవయ్యా అన్నాను. అతనికి అర్థం కాలేదు, నాకు చెప్పే ఓపిక లేదు.

మార్చి 6

వెనక రెండు వైపులకీ కొత్తవి చేయించడమే దారి. కమాన్ల షాపతను మొదట అడిగిన మాట, సార్ రాలేదా అని. సార్‌కి కట్టు కట్టి పడుకోబెట్టాం, బండి నాది, నడిపేది నేను అన్నాను.

ఏం బరువు వేస్తారని అడిగాడు. అది మాత్రం సరైన ప్రశ్న. పన్నెండేసి పెట్టెలు, రెండు ట్రిప్పులు, ముందు ఒక మనిషి. బరువు తక్కువ. కమాన్ గట్టిదైతే ఆ బరువుకి వంగదు, దారిలో ప్రతి రాయీ నేరుగా పెట్టెలకి తగులుతుంది. లోపల ఉన్నవి ఈ ఏడాది కొత్త మైనంతో కట్టిన తేనెపట్టులు. వేలితో నొక్కితే విరుగుతాయి. అందుకని ఒక్కోదానికి ఏడే పట్టీలు, పాతవాటి మందమే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు అన్నాను. అతను నా మాటలే తిరిగి అప్పజెప్పాడు కూడా.

ఇంటికొచ్చాక బావగారు ఎన్ని చెప్పావమ్మా అన్నారు. ఏడు అన్నాను. తొమ్మిది వేయించాల్సింది, నేను ఇరవై ఏళ్ళు లారీలు తిప్పాను, ఒక్క కమాన్ విరగలేదు అన్నారు. మీ లారీల్లో ఇటుకలు పోయేవి బావగారూ అన్నాను. నవ్వి ఊరుకున్నారు.

మార్చి 11

వచ్చాయి. మా బండి బాగుచేసే మేస్త్రీ బిగించేశాడు. వెనక భాగం బాగా ఎత్తుగా నిలబడింది. కొత్తవి కదా, నాలుగు రోజులు తిరిగితే కూర్చుంటాయి అనుకున్నాను. నల్ల పెయింట్ నిగనిగలాడుతుంటే మురిసిపోయాను. మేస్త్రీ ఎందుకో నా మొహం చూడకుండా డబ్బాలు సర్దుకున్నాడు.

మార్చి 13, ఉదయం 10

తెల్లవారుజామున మొదటి పన్నెండు పెట్టెలతో బయల్దేరాను. మొదటి రాయికే తెలిసింది. ఇది జీపు కాదు, రోకలి. మనిషి నడిచినంత నెమ్మదిగా పోయినా ఎగిరెగిరి పడింది. మధ్యలో బండి వెనక్కి తిప్పడానికి చోటు లేదు. వెనక పెట్టెల్లో రొద పెరిగింది. సగం దారి దాటాక కొన్నిట్లో తగ్గింది. తగ్గడమే నాకు భయం వేసింది.

పైన మూతలు తీశాను. అయిదు పెట్టెల్లో పట్టులు కూలిపోయాయి. తేనె, మైనం, ఈగలు అన్నీ కలిసి ముద్ద. ఆ ముద్దలో చేతులు పెట్టి రాణీ ఈగల కోసం వెతికాను. రెండు దొరికాయి. మూడు నలిగిపోయాయి.

అదే రోజు, సాయంత్రం

జీపు కింద దూరి లెక్కపెట్టాను. రెండు వైపులా తొమ్మిదేసి.

మేస్త్రీని పట్టుకుంటే నీళ్ళు నమిలాడు. షాపతనికి ఫోన్ చేశాను. పెద్దాయన ఫోన్ చేసి ఇంకో రెండేసి వేయమన్నారు, ఇంటి పెద్ద చెప్పారు కదా అని వేశాం మేడమ్ అన్నాడు.

నా పేరున ఉన్న బండి. నేనిచ్చిన ఆర్డర్. నేను నడిపే దారి. మార్చడానికి మాత్రం ఆయన ఫోన్ ఒకటి చాలు.

మార్చి 14

బావగారిని నిలదీశాను. ప్రాణాలు ముఖ్యమా, ఈగలు ముఖ్యమా అన్నారు. చచ్చిపోయిన పెట్టెలు చూపిస్తాను రండి అన్నాను. ఈగలే కదమ్మా, మళ్ళీ పుడతాయి అన్నారు. ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న గ్లాసు విసిరేసేదాన్నే. అది స్టీలు గ్లాసు, విసిరినా పగలదని ఆగాను.

మా ఆయన, అన్నయ్య మన మంచికే చేశాడు అన్నాడు. మంచి చేసేవాళ్ళకి చెప్పి చేసే అలవాటు ఎందుకుండదో!

మేస్త్రీని ఆ రెండేసి పట్టీలు తీసెయ్యమన్నాను. పెద్దాయన్ని ఒక మాట అడిగి తీస్తానన్నాడు.

మార్చి 15

నేనే విప్పబోయాను. బోల్టు కదల్లేదు. పానా జారి బొటనవేలు చితికింది. ఇంట్లో ఎవరితోనూ మాటల్లేవు.

మార్చి 16

పూత మొదలైంది. మిగిలిన పన్నెండు పెట్టెలు ఇంకా కిందే ఉన్నాయి.

మార్చి 17

పొద్దున్నే బావగారి దగ్గరికెళ్ళి, బండి బాగుందంటున్నారుగా, రండి అన్నాను. వెనక పెట్టెలుండే చోట కూర్చోండి. ఒళ్ళో ఒక ఖాళీ పెట్టె పట్టుకోండి. అందులో కొత్త పట్టు ఒకటి పెడతాను. పైకి వెళ్ళేసరికి అది నిలిస్తే నేను జన్మలో నోరెత్తను అన్నాను. రానంటే పరువు పోతుంది. వచ్చారు.

కావాలని ఒక్క గుంతలోనూ దించలేదు. ఒట్టు. రెండో మలుపులో కాస్త మెల్లగా పోనీ అన్నారు. ఇంతకన్నా మెల్లగా పోతే ఆగిపోతుంది బావగారూ అన్నాను. అబ్బా అని రెండుసార్లు వినిపించింది.

పైన దిగి, నడుము పట్టుకుని, మూత తీశారు. పట్టు మూడు ముక్కలు. ఒక ముక్క చేతిలోకి తీసుకున్నారు. ఆ రోజు చక్రం గాల్లో వేలాడటం చూశాను, కళ్ళు మూస్తే అదే కనిపిస్తోందమ్మా అన్నారు.

జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. మీరు చూశారు బావగారూ, ఆ చక్రం నా బండిది, స్టీరింగ్ పట్టుకున్నది నేను, ఎలా ఆపావని ఒక్కరైనా అడిగారా అన్నాను.

ఆయన తల దించుకున్నారు. ఎలా ఆపావమ్మా అని అడిగారు. చెప్పాను. పూర్తిగా విన్నారు. దిగేటప్పుడు జీపెక్కలేదు, నడిచే వచ్చారు. అది పశ్చాత్తాపమో నడుం నొప్పో తెలియదు.

సాయంత్రం మేస్త్రీ వచ్చి ఆ రెండేసి పట్టీలూ తీసేశాడు. పెద్దాయన చెప్పారండీ అన్నాడు. నేను చెప్తే కదలని బోల్టు ఆయన ఒక్కసారి చెప్తే కదిలింది. బండి బాగైందని సంతోషించాలో, తల గోడకేసి కొట్టుకోవాలో తెలియలేదు.

మార్చి 18

పన్నెండు పెట్టెలూ పైకి చేరాయి. ఒక్క పట్టు కూడా విరగలేదు.

కమాన్లు ఎలా ఉన్నాయో కనుక్కుందామని మేస్త్రీ ఫోన్ చేశాడు. బావగారికి. నాకేం తెలుసు, నడిపేది ఆవిడ, ఆవిణ్ణే అడుగు అని పెట్టేశారట.

పొద్దుటి మాట అది. ఇప్పుడు సాయంత్రం ఆరు. నాకింకా ఫోన్ రాలేదు.