పెళ్లి చీర అంచు

నెల్లూరు,
3 ఆగస్టు 1964.

మండపం క్యాంపులో, సముద్ర పరిశోధన ఆఫీసులో ఉన్న మా వారికి వందనాలు.

మీరు వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగున తీసిన గుల్ల లేని నత్తల నలుపు తెలుపు ఫొటోలు పన్నెండూ అందినాయి. మీరు రాసిన ప్రకారం, నాన్న స్టూడియోలో కూర్చుని పదకొండింటికి రంగులు వేసినాను. పసుపన్నారు, వంకాయ రంగన్నారు, అర్థమైంది. పన్నెండోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. అందులోని నత్త అంచు "అచ్చం మన పెళ్లినాటి నీ చీర అంచు రంగే" అని రాసినారు.

నేను కట్టిన అంచు ఆకుపచ్చ. మీరు వెంట తీసుకుపోయిన పెళ్లి ఫొటోలో మాత్రం నీలం. ఆ రోజు స్టూడియోలో ఆకుపచ్చ రంగు అయిపోయి నేనే నీలం వేసినాను, మీకు చెప్పలేదు. మీరు రాసింది ఏ అంచు సంగతి?

"గుల్ల లేని నత్తల ఎంట తిరిగేవాడికి ఇల్లేం గుర్తుంటాది?" అంటుంది అత్తమ్మ. మీరు ఇంటికి రాని ఈ తొమ్మిది నెలలుగా ఆమెకు నేనే సర్దిచెబుతున్నాను.

చీర నీడన ఆరేసి పెట్టెలో పైనే ఉంచినాను. జవాబు ఉత్తరంలో రాయవద్దు. వచ్చి, చీర చూసి చెప్పండి. పన్నెండో ఫొటో కోసం మీ ఆఫీసువారు తొందరపెడితే, నా దగ్గర రంగు అయిపోయిందని చెప్పండి.

ఇట్లు,
మీ భార్య.