ఇంటి సాలు వంకాయలు

గురువారం, నందిగామ

ఇవాళ సైన్స్ టీచర్ గారు పిలిస్తే బడికెళ్లి, తాజా కూరగాయల గురించి పిల్లలకి చెప్పా. మా కొట్లో వంకాయలు పొద్దున్నే తోటలో కోసినవేనని గొప్పలు కూడా పోయా. మూడో బెంచీలో ఒక పిల్ల లేచి, "మీ కొట్టుకి వంకాయలు వేసేది మా నాన్నేనండీ. అవి మేం తినం. మాకు పురుగుమందు కొట్టని సాలు వేరే ఉంది" అంది. టీచర్ గారు బోర్డు తుడుస్తూ ఉండిపోయారు.

కోపం ఎవరి మీద చూపించను? ఒక్క పుచ్చిన కాయ కనబడినా బుట్ట మొత్తం వెనక్కి పంపేది నేనేగా. అందుకే వాళ్ల నాన్న మందు కొడుతున్నాడు.

రేపు ఆ ఇంటి సాలు కాయలే వెయ్యమని అడగాలనుకున్నా. అడిగితే ఇస్తాడు కూడా. మరి ఆ పిల్ల ఏం తింటుంది?