ఊగని బల్ల

శనివారం, సాయంత్రం

అత్తయ్యకి,

ఎలా ఉన్నారని అడగను. మీ అబ్బాయి కొత్త ఇంట్లో, ఆ కొత్తావిడ కలిపిచ్చిన కాఫీ తాగుతూ బాగానే ఉండి ఉంటారు. నేను మాత్రం బాగాలేను. ఫోన్ చేద్దామంటే మీకు సగం వినపడదు, మిగతా సగం పక్కన కూర్చున్న మీ అబ్బాయికి వినపడుతుంది. అందుకే ఉత్తరం. ఎనిమిదేళ్ళు ఫ్రిజ్ తలుపు మీద చీటీలు రాసుకున్నవాళ్ళం, మనకిది కొత్తేమీ కాదు.

ఇల్లు మారినరోజు సామాన్లవాళ్ళు తొమ్మిదింటికి వస్తామని పన్నెండున్నరకి వచ్చారు. నాది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, పనిచెయ్యదు. రేపు బాగుచేస్తామని తలుపుకి కాగితం అంటించారు. ఆ కాగితం పచ్చబడిపోయి, అంచులు చిరిగిపోయి ఉంది. నలభై ఎనిమిది మెట్లు, లెక్కపెట్టాను. సోఫా మొదటి మలుపులోనే ఇరుక్కుంది. వాళ్ళ మేస్త్రీ చెమట తుడుచుకుని, "ఇల్లు చూసుకున్నప్పుడు మెట్లు చూసుకోలేదామ్మా?" అన్నాడు. మొగుడు వదిలిపోయినవేళ ఇల్లు దొరకడమే గొప్ప, మెట్లొకటా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆ సోఫా ముందుకీ పోదు, వెనక్కీ రాదు. చివరికి ఆ మలుపు పక్క వాటాలో ఉన్నవాళ్ళకే ఇచ్చేశాను. వాళ్ళు థాంక్స్ కూడా చెప్పలేదు, దారికి అడ్డం తీసినందుకు నేనే చెప్పాలన్నట్టు చూశారు.

ఇప్పుడు నాకు మిగిలింది రెండు కుర్చీలు, మన భోజనాల బల్ల. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ బల్లకాలు కూడా మెట్టు అంచుకి తగిలి చివర విరిగింది. గ్లాసు పెడితే గ్లాసు దానంతటదే నడుస్తోంది. కాలి కింద అట్టముక్క పెట్టాను, పాత చెప్పు పెట్టాను, అద్దెకాగితాల నకలు మడిచి పెట్టాను. ల్యాబులో కట్టుడు పళ్ళ సెట్లు చేసేదాన్ని, అర మిల్లీమీటరు ఎగుడుదిగుడుంటే వేలితో తడిమి చెప్పేదాన్ని, నా ఇంట్లో బల్లని నిలబెట్టుకోలేకపోయాను. విసుగొచ్చి తిండీ కాఫీ బయటే కానిస్తున్నాను.

మా వీధిలో కాఫీ కొట్లు మూడున్నాయి. మొదటిదాంట్లో పాటల మోతకి నా ఆర్డరు నాకే వినపడలేదు. రెండోదాంట్లో కుర్చీలు ఎంత ఎత్తంటే, కాళ్ళు వేలాడేసుకుని బడి పిల్లలా కూర్చోవాలి. మూడోది సరిగ్గా మా మెట్ల కిందే, నీలం తలుపు కొట్టు. అక్కడ కాఫీ గోరువెచ్చగా తెచ్చిచ్చారు. వెనక్కి పంపాను. మళ్ళీ అలాగే వచ్చింది, మళ్ళీ పంపాను. కౌంటరావిడ నన్ను ఎగాదిగా చూసింది. అన్నిటికంటే చిరాకేమిటంటే, మూడింట్లోనూ బల్లలు ఊగుతాయి.

మీరుంటే అరచేయి బల్ల మీద ఆనించి అటూ ఇటూ నొక్కేవారు. ఊగితే పర్సులోంచి మీ మడతబిళ్ళ తీసేవారు. అట్టముక్కని చిన్నగా మడతలు పెట్టి, విప్పుకోకుండా చుట్టూ దారంతో నాలుగు కుట్లు వేసినది. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన చెయ్యి మరి. "ముందు బల్ల నిలబడాలి, తరవాతే మాట" అనేవారు. ప్రతి గురువారం మీ మోకాళ్ళ వైద్యం అయ్యాక మనం అలా ఎన్ని కొట్లు తిరిగామో, ఎన్ని బల్లలు బాగుచేశామో. ఇప్పుడు వైద్యానికి ఎవరు తీసుకెళ్తున్నారు? ఒక్క ముక్క రాయండి.

మీ కోడలు


శనివారం, మధ్యాహ్నం

అత్తయ్యగారికి,

మూడు వారాలైంది. పోస్టు డబ్బా తీసి తీసి దాని గొళ్ళెం ఊడొచ్చింది. మీ దగ్గర్నుంచి ఏమీ లేదు. గోడకి చెప్పుకుంటే కనీసం అది ఎదురుగా ఉంటుంది.

సరే, నేను కూడా దాచుకోకుండా చెప్పేస్తాను. మీ అబ్బాయి వెళ్ళిపోయినందుకు నేను ఏడ్చింది నాలుగు రోజులు. అతని మనసు ఇంట్లో లేదని నాకు ఏడాదిగా తెలుసు. కానీ ఇల్లు ఖాళీ చేసినరోజు మీరు పొద్దుటినుంచి సాయంత్రందాకా వంటింట్లో కూర్చుని నా అట్టపెట్టెలకి టేపు వేస్తూనే ఉన్నారు. ఒక్కొక్క పెట్టెకి మూడేసి వరసలు. నేను పక్కనే ఉన్నాను. కావాలనే పక్కన ఉన్నాను. నాతో రమ్మనలేదు నేను, నిజమే. అతని ఇంటికి వెళ్ళొద్దనీ అనలేదు. "వాడు చేసింది తప్పమ్మా" అని ఒక్క మాట అంటారేమోనని చూశాను, అంతే. మీరు టేపు పళ్ళతో కొరికి తెంపి, కారెక్కి వెళ్ళిపోయారు. ఆ పళ్ళు నేను చేసినవి. మీ నోటికి సరిపోయేదాకా నాలుగుసార్లు అరగదీసి, మెరుగుపెట్టి ఇచ్చినవి. అవి పెట్టుకుని కూడా నాకోసం ఒక్క మాట అనలేకపోయారు.

ల్యాబులో అందరూ, "పోయిన సంబంధం పోయింది, మళ్ళీ అత్తగారితో ఏం పని?" అంటున్నారు. మా పెద్దాయన అయితే, "కాగితాలమీద సంతకాలయ్యాక ఆవిడ నీకేమవుతుంది?" అని అడిగాడు. ఆ సమయానికి నా చేతిలో ఎవరిదో కింది పళ్ళ అచ్చు ఉంది. కిందపడి ముక్కలైంది. మళ్ళీ మొదటినుంచి చేశాను.

అందుకని నేనొకటి అనుకున్నాను. ఇదే ఆఖరి ఉత్తరం. ఇకమీదట మిమ్మల్ని అత్తయ్యా అని పిలవను, మీకోసం పోస్టు డబ్బా తియ్యను. ఈ కాఫీ కొట్ల తిరుగుడు కూడా ఆపేస్తాను, ఇంట్లోనే నిలబడి తాగుతాను. మీ మోకాళ్ళు జాగ్రత్త.

ఇంక మీకు ఏమీ కాని మనిషి


శనివారం, మళ్ళీ

అత్తయ్యా,

పిలవనన్నాను, పిలుస్తున్నాను. నా మాటకి నిలకడ లేదని మీకు తెలుసుగా.

పొద్దున కుళాయిలో నీళ్ళు రాలేదు. ఓనరుగారికి ఫోన్ చేస్తే, "పైన మీకొక్కరికేనా, కిందవాళ్ళకీ రావట్లేదా?" అని నన్నే అడిగాడు. నా ఇంటి నీళ్ళకి నేనే సర్వే చెయ్యాలట! తిట్టుకుంటూ దిగి, కాఫీ వెనక్కి పంపిన రోజునుంచీ అడుగుపెట్టని నీలం తలుపు కొట్టుకే, దగ్గరని వెళ్ళాను. మూలబల్ల దగ్గర కూర్చుని, అలవాటుకొద్దీ అరచేయి ఆనించి నొక్కాను. ఊగలేదు. మళ్ళీ నొక్కాను. రాయిలా ఉంది. లేచి పక్కబల్లకి వెళ్ళి నొక్కాను. అదీ ఊగలేదు. చూసేవాళ్ళు పిచ్చిదనుకుంటారని కూడా లేకుండా ఆ బల్ల కిందకి దూరాను.

కాలి కింద మడతబిళ్ళ. చుట్టూ దారంతో నాలుగు కుట్లు. లాగి, కుట్లు తెంపి విప్పాను. అది నేను మీకు పంపిన కవరు. లోపలి మడతమీద నా చేతిరాతలో మీ అడ్రసు. నా ఉత్తరం వచ్చిన కవరుని ముక్కలుచేసి బల్లకాలి కింద పెడతారా అని కోపం వచ్చింది. ఆ కోపం పూర్తిగా రాకముందే ఏడుపొచ్చింది. బల్ల కిందే కూర్చున్నాను.

కౌంటరావిడ వంగి చూసి, "ఏమైంది, కాఫీ మళ్ళీ చల్లారిందా?" అంది. ఈ బిళ్ళ ఎవరు పెట్టారని అడిగాను. "ఒక పెద్దావిడ. మూడు గురువారాలయ్యింది. రెండు బస్సులు మారి వస్తుందట. సాయంత్రం ఐదింటి బస్సుదాకా ఆ మూలే కూర్చుంటుంది. కాఫీ వేడి చాల్లేదని గొడవపెట్టే అమ్మాయి వస్తోందా అని అడిగింది. రోజుకి పదిమంది అలాంటివాళ్ళే అని చెప్పాను" అంది. "పైకి వెళ్ళి అడగండంటే, మెట్లవైపు చూసి మోకాళ్ళు పట్టుకుంది."

గురువారాలు నేను కావాలనే ల్యాబులో కూర్చుండిపోతున్నాను, అత్తయ్యా. ఆ రోజు ఏ కొట్టులోకీ అడుగుపెట్టకూడదని పంతం పట్టి శనివారాలకి మార్చుకున్నాను. ఆ సంగతి మీకు రాయలేదు. మీరు కింద కాపలా కాస్తుంటే నేను పంతాన్ని కాపాడుకుంటున్నాను.

ఈ ఉత్తరం కౌంటరావిడకే ఇస్తున్నాను. ల్యాబుకి ఫోన్ చేసి ఈ గురువారం సెలవడిగాను, ఇవ్వలేదు. పని ఐదింటికి అవుతుంది. ఐదున్నరకల్లా పరుగెత్తుకొస్తాను. మీ బస్సు ఐదింటికే అని తెలుసు. ఒక్క గురువారం ఆ బస్సు వదిలేస్తారా? బిళ్ళ మళ్ళీ మడిచి అక్కడే పెట్టాను. కుట్లు మాత్రం నాకు చేతకాలేదు.

మీ కోడలు


గురువారం

అమ్మాయీ,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. మూడుసార్లు మొదలెట్టి చింపేశాను. అందుకే బస్సెక్కాను.

వాడు చేసింది తప్పు. ఆ రోజే అనాల్సిన మాట. ఆ రోజు నోరు తెరిస్తే రాత్రికి ఎక్కడుంటానో తెలియలేదు. భయపడ్డాను. నా వయసులో భయం సిగ్గులేకుండా వచ్చేస్తుంది. నువ్వు పక్కన నిలబడ్డావని నాకు తెలుసు. తల ఎత్తితే ఏడుస్తానని పెట్టెలకి టేపు వేస్తూ కూర్చున్నాను. మొన్న ఆదివారం వాడి ఎదురుగానే చెప్పాను. నువ్వు చేసిన పళ్ళు పెట్టుకునే చెప్పాను. వాడు నాతో మాట్లాడటంలేదు. పోనీ.

నీ ఆఖరి ఉత్తరం అందింది. అది చించలేదు, దాచాను. మళ్ళీ అలాంటిది రాస్తే చెవి మెలేస్తాను. సంతకాలు మీ ఇద్దరివి, నన్నెవరూ సంతకం అడగలేదు.

ఐదింటి బస్సు వదిలేశాను. కౌంటరావిడ ఇది నీ చేతికిచ్చేసరికి నేను మూలబల్ల దగ్గరే ఉంటాను. చదివాక ఇటు చూడు. ఏమీ అడగకు. పైకెళ్ళి నీ కుర్చీలు రెండూ పట్టుకుని దిగు. ఒకటి మొదటి మలుపులో వెయ్యి, ఒకటి రెండో మలుపులో వెయ్యి. నేను మొదటిదాంట్లో కూర్చుని లేవగానే దాన్ని పై మలుపుకి మార్చు. అలా అలా వచ్చేస్తాను. ఎంతసేపైనా కానీ. సూదీ దారం తెచ్చాను. ఆ భోజనాలబల్ల సంగతి ఇవాళ తేల్చాలి.

అత్తయ్య