పేరు లేని వరుస

సోమవారం, గోడాదరా

మా గల్లీవాళ్ల రోగనిరోధక జన్యువుల ఫైలు లింకును పొద్దున బయటి పరిశోధకులకు పంపాను. పేర్లు తీసేసి నంబర్లు వేశానని గర్వపడ్డాను కూడా. మధ్యాహ్నం వాళ్లలో ఒకతను ఫోన్ చేసి, "మేడమ్, సొంతూరు, వయసు, పని అలాగే ఉన్నాయి" అన్నాడు.

తెరిచి ఒక వరుస చూశాను. అందులో ఉన్న ఊరి నుంచి వచ్చి, అరవై దాటినా మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి ఇక్కడ నర్సవ్వత్త ఒక్కతే. ఎవరిదో ఎవరికీ తెలియదన్న నా మాట నమ్మే రక్తమిచ్చింది. ఫైలు వెనక్కి తీసుకున్నాను, కానీ అప్పటికే ఎందరు దింపుకున్నారో.

సాయంత్రం చెప్పేద్దామనే వాళ్లింటికి వెళ్లాను. చాయ్ చేతికిచ్చి, "నా పేరు ఏడ గూడ రాలే గద బిడ్డా?" అని అడిగింది.

"రాలే అత్తా" అన్నాను.

అబద్ధం కాదు. పేరొక్కటే రాలేదు.