నుమేరియస్ పగ్గం వదిలేసిన రోజు

రోమ్ నగరం,
ఉప్పు చేపల బజారు.

మా పెద్దమ్మాయి వెత్తియాకు నాన్న ఔలస్ మనసారా దీవించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ, మీ అమ్మా, నీ తమ్ముడూ బాగున్నాం. కపువాలో నువ్వూ, అల్లుడు స్టాటియస్ గారూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మీరు బాగుంటే నాకు ఇంకేం కావాలి తల్లీ!

నువ్వు పంపిన తేనె జాడీ అందింది. మూత జిగటగా ఉంది, దారిలో బండివాడు వేలు పెట్టి నాకినట్టున్నాడు. నాకనీ పాపం. మీ అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు దేవుళ్ళని తిడుతోంది, దిగేటప్పుడు నన్ను తిడుతోంది. అంటే నయమేనన్నమాట. నా దగ్గు సంగతి ఈసారైనా నిజం రాయమన్నావు, వచ్చి చూడనా అని కూడా అడిగావు. ఆ జవాబు చివర్లో. ముందు నా సంతోషం నన్ను రాయనీ, అది ఆగేలా లేదు.

మన నుమేరియస్ జూపిటర్ దేవుడి రథం పగ్గం పట్టుకుని ఊరేగింపులో నడిచాడే అమ్మా! మన చేపల దుకాణం పిల్లాడు!

పగ్గం పట్టే పిల్లవాడికి తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉండాలి కదా. ఈ వేసవి జ్వరాలు పెద్దిళ్ళని కూడా వదల్లేదు. ముందు అనుకున్న కుర్రాడికి తల్లి పోయింది. తర్వాతివాడికి తండ్రి పోయాడు. చివరికి ఉత్సవాధికారి మనిషి ముక్కు మూసుకుని మన దుకాణం ముందు నిలబడ్డాడు.

"నీ కొడుక్కి తల్లి ఉందా?" అన్నాడు.

"లోపల ఆ అరుపులు వినబడ్డం లేదా?" అన్నాను.

"తండ్రి?"

"మరి ఇంతసేపూ నీతో మాట్లాడుతోంది ఎవరనుకున్నావయ్యా?"

ఆ రోజు నుంచీ నా దర్జా చూడాలి నువ్వు. ఎదురింటి సారాయి కొట్టు టుక్కా ఊరుకుంటాడా? "ఔలస్, ఇన్నాళ్ళూ నువ్వు ఊరికే బతుకుతున్నావనుకున్నాను. ఇప్పుడు నీ ప్రాణానికి కూడా ఓ ఉద్యోగం దొరికిందిరా," అని పగలబడి నవ్వాడు. దేవుడికి చేపల వాసన తగలకూడదని మీ అమ్మ పిల్లాణ్ణి బూడిదతోనూ నూనెతోనూ తోమి తోమి ఎర్రగా చేసింది. వాడు మాత్రం రోజూ పొద్దున్నే నా మంచం దగ్గరికొచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాక గానీ వెళ్ళేవాడు కాదు. "నువ్వు పోతే నేను పగ్గం ముట్టుకోకూడదు నాన్నా, దేవుడికి మైల," అనేవాడు. "పోనురా," అన్నాను. మాట ఇచ్చాను.

ఊరేగింపు రోజున, పందేల మైదానంలో మలుపు దగ్గర మూడో వరసలో పసుపు దుప్పటి కప్పుకుని కూర్చుంటానని వాడికి చెప్పాను. మీ అమ్మ అక్కడి మెట్లు ఎక్కలేక కిందే ఉండిపోయింది. పక్కన టుక్కా, చేతిలో వేయించిన శనగలు. ముందు కుర్రకారు గుర్రాల మీద వచ్చారు, ఆ తర్వాత పందెగాళ్ళు, నాట్యం చేసేవాళ్ళు, పిల్లనగ్రోవులవాళ్ళు. ఆ వెనక రథాలు. మొదటి రథం పక్కన మనవాడు! తెల్లబట్టలు, మెడలో తాయెత్తు, చేతిలో తోలు పగ్గం, పెదాలు బిగించి, కళ్ళతో వరసలు వెతుక్కుంటూ వస్తున్నాడు. నా కళ్ళు మసకబారాయి. ఈ జన్మకి ఇది చాలనుకున్నాను.

రథం సరిగ్గా మా ముందుకొచ్చేసరికి నేను వాడికి కనబడలేదు. కింద బల్ల సందులోకి వంగిపోయి ఉన్నాను. నా చోట వాడికి టుక్కా పక్కన ఖాళీ బల్ల కనిపించింది.

వాడు పగ్గం వదిలేశాడు.

తల్లీ, అంత పెద్ద మైదానం ఒక్కసారిగా మూగబోవడం నేనెప్పుడూ వినలేదు. పిల్లనగ్రోవులు ఆగిపోయాయి. పురోహితుడు పరుగున వచ్చి, "పగ్గం ఎందుకు వదిలావురా? ఉత్సవమంతా పాడైంది!" అని గద్దించాడు.

మన పిల్లాడు ఏడుస్తూనే, తల ఎత్తి చెప్పాడట: "మా నాన్న చచ్చిపోయాడండీ. నేనింక దీన్ని పట్టుకోకూడదు."

అప్పటికి నేను లేచాను. ఏం జరిగిందో చూశాను. ముందు వరసలవాళ్ళ భుజాలు తొక్కుకుంటూ కంచె దాకా దిగి, "బతికే ఉన్నానురా నుమేరీ! మీ నాన్న బతికే ఉన్నాడు!" అని అరిచాను.

"మరి కనబడలేదేం నాన్నా?"

"శనగలు పడిపోతే ఏరుకుంటున్నానురా!"

జనం నవ్వు చూడాలి! దేవుళ్ళ ముందు, అధికారుల ముందు, మైదానం మైదానమంతా. ఇప్పుడు బజారులో నా పేరు శనగల ఔలస్. పోనీ, ఏదో ఒక పేరు.

పురోహితులు కలిసి కూర్చుని తీర్పు చెప్పారు. తప్పు తప్పే, ఉత్సవాలు మొదటి నుంచీ మళ్ళీ జరగాలి. కానీ పిల్లవాడు దేవుడి మీద భయంతో వదిలాడు గనుక పగ్గం మళ్ళీ వాడే పట్టాలి, తల్లిదండ్రులిద్దరూ అప్పటికి ఉంటే. వచ్చే నెల మొదటి రోజున ఊరేగింపు. పందేలన్నీ ఇంకోసారి చూడొచ్చని నగరమంతా పండగ చేసుకుంటోంది. దారిన పోయేవాళ్ళు "తాతా, ఈసారి కూడా శనగలు కొనుక్కో!" అంటున్నారు.

ఇక నీ ప్రశ్నకి జవాబు. పైన అందరం బాగున్నామని రాశాను. అందులో నా మాట అబద్ధం.

నేను ఏరుకున్నవి శనగలు కావు. దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. రక్తం పడింది. పిల్లాడు చూడకూడదని దుప్పటి కొంగు నోట్లో కుక్కుకుని వంగాను. దుప్పటి పసుపుది కావడం చూడు, ఎంత పొరపాటు! టుక్కా ఒక్కడే చూశాడు. అంత వాగుడుకాయ, ఇప్పటిదాకా నోరు విప్పలేదు. గ్రీకు వైద్యుడు వసంతంలోనే చెప్పాడు, ద్రాక్ష కోతలు చూడవని. కోతలు మొదలయ్యాయి, చూస్తున్నాను. వాడి వైద్యం అంతే.

మీ అమ్మకి తెలిస్తే మంచానికి కట్టేస్తుంది. అందుకే నీకు రాస్తున్నాను. ఇన్నాళ్ళూ రావద్దన్నాను కదా, ఇప్పుడు రా. అల్లుడుగారికి చెప్పి, ఈ ఉత్తరం తెచ్చిన బండిలోనే బయల్దేరు. నా దగ్గర కూర్చుని ఏడవడానికి కాదు. ఊరేగింపు రోజున నా పక్కన, మూడో వరసలో కూర్చోడానికి. ఈసారి ఎర్ర దుప్పటి కొన్నాను. దగ్గు వస్తే రానీ, నన్ను మాత్రం వంగనివ్వకు. నడుం చుట్టూ చెయ్యి వేసి నిలబెట్టు. రథం మలుపు దాటిందాకా వాడికి నేను కనబడాలి. ఆ తర్వాత నన్ను కూర్చోబెడతావో, పడుకోబెడతావో నీ ఇష్టం.

అప్పటిదాకా పోవడానికి నాకు తీరిక లేదమ్మా. రోజూ పొద్దున్నే నీ తమ్ముడి వేలికి ఊపిరి తగలాలి.

ఇట్లు,
మాట తప్పని
మీ నాన్న ఔలస్