సంచి మూతి పట్టీ

బావగారికి,

ఈసారి డబ్బాలో బిస్కెట్లు లేవు, ఈ ఉత్తరమే ఉంది. మూత తీసి మొహం చిన్నబుచ్చుకోకండి. ఫోన్ చేస్తే అక్క మధ్యలో లాక్కుంటుంది, పైగా నేను సగంలోనే ఏడుస్తాను. అందుకే రాస్తున్నాను.

పోయినవారం అక్క ఫోన్ చేసింది. "మీ బావ కడుపు ఇంకా సర్దుకోలేదే. షాపులో గడియారాలు టిక్కుటిక్కుమంటుంటే ఈయన కడుపు గుడగుడమంటోందట. షుగర్ మాత్ర పడలేదేమోనని డాక్టరుగారు ఆపేశారు. ఆపి పది రోజులైంది, గుడగుడ ఆగలేదు. షుగర్ మాత్రం రెండొందల ఎనభైకి ఎక్కి కూర్చుంది" అంది. బయటి తిండి ఏమైనా తింటున్నారా అని డాక్టరుగారు అడిగితే మీరు "ఏమీ లేదండీ" అన్నారట. మరదలి తిండి బయటిదెలా అవుతుందిలే అనుకున్నారా?

మాత్ర ఆపినా ఆగలేదంటే మరి ఏది కారణం? ఆ ప్రశ్న నా బుర్ర తొలిచేసింది. నాకు షుగర్ లేదు, మాత్రలూ లేవు. కాబట్టి నా మీదే చూసుకుందామనుకున్నాను. మొదటిరోజు, మీ కోసం పంచదారకు బదులు తీపి పొడి వేసి చేసిన బిస్కెట్లు రెండు తిన్నాను. ఏమీ కాలేదు. మర్నాడు నాలుగు తింటే కాస్త ఉబ్బరంగా అనిపించింది. మూడోరోజు ఎనిమిది తిని కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఒకావిడ కేక్ చూపించమంటే నాకంటే ముందు నా కడుపు జవాబు చెప్పింది. ఆవిడ కేక్ వంక అనుమానంగా చూసింది. నేను లోపలికి ఒకటే పరుగు. నాలుగోరోజు మామూలు పంచదార బిస్కెట్లు ఎనిమిది తిన్నాను. గుండ్రాయిలా ఉన్నాను.

పక్కవీధి మందుల షాపాయన దగ్గరికి వెళ్ళి, పొడి పేరు మాల్టిటాల్ అని చెప్పగానే ఆయన నవ్వాడు. దాన్ని షుగర్ ఆల్కహాల్ అంటారట, మత్తు మాత్రం ఏమీ ఉండదట. చిన్నపేగు దాన్ని కొంతే పీల్చుకుంటుందట. మిగిలింది పెద్దపేగులోకి పోయి నీళ్ళు లాగుతుందట, అక్కడి సూక్ష్మజీవులేమో దాన్ని విందులా ఆరగించి గ్యాస్ వదులుతాయట. "విషం కాదమ్మా, కొలత తప్పింది. కొంచెం తింటే చాలామందికి ఏమీ కాదు. అలాగని షుగర్ అసలు పెరగదనుకోకు, కాస్త పెరుగుతుంది" అన్నాడు. దీనికి జైలిటాల్ అని ఒక చుట్టం ఉందట. మనం చూయింగ్ గమ్‌లో నములుతూనే ఉంటాం, కుక్క తింటే మాత్రం ప్రాణానికే ముప్పట! వింతగా లేదూ?

ఇక అసలు సంగతి. డబ్బా మూత మీద "ఎన్ని తిన్నా ఫరవాలేదు" అని రాసింది నేనే. పంచదార కాదు కదా, ఇంకేం భయం అనుకున్నాను. మా బేకరీలో పొడి వచ్చే సంచి మూతిని అంగుళం పట్టీగా కత్తిరించి, పురికొసకు బదులు దానితోనే డబ్బాలు కడతాం. ఇప్పుడు సంచి అంతా తిప్పి చూస్తే హెచ్చరిక ఎక్కడా లేదు. ఉంటే గింటే ఆ పట్టీ మీదే ఉండి ఉంటుంది. చదవకుండానే కత్తెర వేశాను. బేకరీ పెట్టి నాలుగేళ్ళయింది బావా, ఇంట్లో నా చేతి వంట అడిగి మరీ తిన్నది మీరొక్కరే. ఆ సంతోషంలో కళ్ళు కనపడలేదు. మీ మాత్ర ఆగిపోవడానికి కారణం నేనే.

ఇక ఆ పొడి ముట్టను. మీరు డాక్టరుగారికి నిజం చెప్పండి, చాలు.

మీ పిండిచేతుల మరదలు


పిండిచేతుల మరదలికి,

ఈ కవరులో ఒక పట్టీ పెట్టాను, చూడు. నీ మొదటి డబ్బా నా షాపుకు వచ్చింది దీన్ని కట్టుకునే. ఆవగింజంత అక్షరాల్లో "ఎక్కువ మోతాదులో తింటే విరేచనాలు కావచ్చు" అని ఉంటుంది. పొద్దస్తమానం కంటికి భూతద్దం పెట్టుకుని గడియారాల పళ్ళచక్రాలు చూసేవాణ్ణి, నాకిది కనపడకుండా పోతుందా? కాకపోతే చదివింది రెండోరోజున. మొదటిరోజు మూత మీది నీ రాతను నమ్మి పద్నాలుగు తినేశాను.

తెలిసీ ఎందుకు తిన్నారంటావు. షుగర్ అని తేలినప్పటినుంచి నేను వంటింట్లోకి వస్తే మీ అక్క డబ్బాలన్నీ పైఅరకు ఎక్కించేస్తుంది. ఆవిడ భయం ఆవిడది, తప్పుపట్టను. కానీ అందరూ నా ముందునుంచి తీసేవాళ్ళే అయ్యారు. ముందు పెట్టినదానివి నువ్వొక్కదానివే. ఈ సంగతి చెబితే నువ్వు హడలిపోయి మొత్తానికే మానేస్తావని తెలుసు. చూడు, మానేశావు! అందుకే నింద మాత్ర మీదకు తోశాను. దానికి నోరు లేదు కదా. నా ఒంటికి నేనే ద్రోహం చేసుకున్నాను. అందులో నీ తప్పేమీ లేదు.

ఇవాళ పొద్దున డాక్టరుగారికి అంతా చెప్పాను. "రోజుకు ఎన్ని?" అన్నారు. "మొదట పద్నాలుగు, ఇప్పుడు ఆరు" అన్నాను. ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. తర్వాత గట్టిగానే చివాట్లు పెట్టారు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టాను. బిస్కెట్లు రోజుకు రెండు తినొచ్చు, అవి కూడా భోజనం లెక్కలోకే వస్తాయట.

ఇంటికొచ్చి మీ అక్కకూ చెప్పాను. వారం పాటు మాటలుండవనుకున్నాను. ఆవిడ నా చేతిలోని నీ ఖాళీ డబ్బా తీసుకెళ్ళి కడిగింది. మూత మీద నీ రాతను పీచుతో రుద్ది రుద్ది చెరిపి, ఎండలో ఆరబెట్టింది.

ఆ డబ్బానే పంపుతున్నాను. మూత మీద "రోజుకు రెండు" అని రాసి పంపు. పెద్ద అక్షరాలతో రాయి, మీ అక్క దగ్గర భూతద్దం లేదు.

మీ గడియారాల బావ