అక్షింతల ముడి

అక్కా,

ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో వేసెయ్.

మన అమ్మాయి దేవకి పెళ్లయి నేను బయలుదేరేటప్పుడు నువ్వు నా కొంగున అక్షింతలు ముడివేశావు కదా, తెలుక్ ఆన్సన్ దారిలో పోలీసులు బస్సు ఆపాకే అవి గుర్తొచ్చాయి. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని మలయాలో పిడికెడు బియ్యం కూడా దాటనివ్వని రోజులివి. నేను కొంగు దాచుకోవడం పక్కసీటులోని ముసలామె చూసింది. లెచ్చుమి అట, రబ్బరుతోట మనిషి, మాట చివర మలయావాళ్ల 'లా' తగిలిస్తుంది.

"ఏటమ్మా, బియ్యమా? బేగి ఇటిచ్చీ లా!" అని ముడి విప్పి, గింజలన్నీ తాను నములుతున్న తాంబూలంలో కలిపేసుకుంది.

నన్ను వదిలేశారు. ఆమె గడ్డానికి ఒక పసుపు గింజ అంటుకుని ఉంది. దాన్ని చూసి ఆమెను దింపేశారు. బస్సు కదిలింది. నేను ఖాళీ కొంగు సర్దుకుని కూర్చుండిపోయాను.

నేను జీతం లేకుండా సాయానికి వచ్చిన, సర్కారు జనాన్ని తెచ్చి ముళ్లకంచెలో పెట్టిన ఈ ఊళ్లో మందుల్లేవు, గాయాలకు కట్టే గుడ్డా లేదు. ఇవాళ ఆ చీరే చింపాను. కొంగు మడతలో ఇంకా కొన్ని గింజలున్నాయి. పారేస్తే దేవకికి మంచిది కాదు, దాచుకుంటే నాకు జైలు. అందుకే నోట్లో వేసుకున్నాను.

ఇంతసేపైనా మింగుడుపడటం లేదక్కా.

నీ చెల్లి